రెండవ రుడాల్ఫ్ నిజంగా మతి తప్పినవాడా, లేక అది తమ్ముడు అల్లిన కథా?

గోదారి_గట్టు

పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ గురించి తెలుగులో ఏ వ్యాసం తిరగేసినా, ఏ వీడియో చూసినా ఒకటే పాట వినిపిస్తున్నది. హంగరీలో టర్కీతో యుద్ధం నడుస్తుంటే ఆయన ప్రాగ్ కోటలో తలుపులు వేసుకుని రసవాదులతో బంగారం తయారు చేయించుకుంటూ కూర్చున్నాడనీ, చివరికి మతి తప్పి కిరీటాలన్నీ తమ్ముడికి వదులుకున్నాడనీ నాలుగు వాక్యాల్లో తేల్చేస్తారు. ఉద్యోగం పని మీద నేను కొంతకాలం ప్రాగ్‌లో ఉన్నప్పుడు అక్కడి గైడ్లు కూడా ఇదే కథ చెప్పి, పర్యాటకులను నేరుగా బొమ్మల దుకాణంలోకి తోలుకుపోవడం చూశాను. 1576లో తండ్రి రెండవ మాక్సిమిలియన్ మరణించినప్పటి నుంచి 1612 జనవరి 20న తాను కన్నుమూసేదాకా చక్రవర్తి పదవి ఆయన చేతిలోనే ఉన్నది. మతి లేనివాడు అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చాడు? పైగా ఆయనకు మనోవ్యాధి ఉన్నదని కాగితం మీద పెట్టి సంతకాలు చేసినవాళ్లు 1606 ఏప్రిల్‌లో వియన్నాలో సమావేశమైన సొంత తమ్ముళ్లూ, దాయాదులూ. ఆ కాగితంతో కుటుంబ పెద్దరికం దక్కింది తమ్ముడు మథియాస్‌కు. లాభం పొందేవాడే ఇచ్చిన ధ్రువపత్రాన్ని నాలుగు వందల ఏళ్లుగా అందరూ ఎందుకు నమ్ముతున్నారో ఎవరైనా చెప్పగలరా?

శిలాశాసనం

1606 నాటి కాగితం ఒక్కటే సాక్ష్యమైతే మీ వాదనను ఒప్పుకునేవాణ్ణి. కానీ 1580 ప్రాంతంలో రుడాల్ఫ్ మంచాన పడి, బతకడమే అనుమానమన్న స్థితికి వెళ్లినప్పటి నుంచీ ఆయన దిగులును గురించి పోప్ ప్రతినిధులూ, స్పెయిన్, వెనిస్ రాయబారులూ తమ తమ ప్రభువులకు రాస్తూనే ఉన్నారు. మథియాస్‌తో వీళ్లందరికీ ఉమ్మడి ప్రయోజనం ఏమీ లేదు. 1600 శరత్కాలంలో పరిస్థితి ముదిరింది. ఏళ్ల తరబడి తన పక్కన ఉండి పరిపాలన నడిపిన వోల్ఫ్‌గాంగ్ రుంఫ్, పాల్ సిక్స్‌ట్ ట్రౌట్‌సన్ అనే ఇద్దరు మంత్రులను ఆయన ఒక్కసారిగా వెళ్లగొట్టాడు. ఆ తర్వాత వాళ్ల స్థాయి మనిషిని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కాబట్టి జబ్బు కల్పితం కాదు. జబ్బు ఉన్నంత మాత్రాన పాలించలేడని తీర్మానించడం మాత్రం రాజకీయమే.

కొబ్బరిమట్ట

అన్నదమ్ముల మధ్య పొలం తగాదా వచ్చినప్పుడు పెద్దవాడికి మతి స్థిమితం లేదని అర్జీ పెట్టించడం మా వైపు ఇప్పటికీ నడుస్తున్న పద్ధతే. ఇక్కడ పొలం కొంచెం పెద్దది, అంతే.

లెక్కల_రామం

మతి సంగతి వైద్యులు చూసుకుంటారు. నేను వృత్తిరీత్యా పద్దులు చూసేవాణ్ణి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1547 నుంచి రుడాల్ఫ్ వంశీయులైన హాబ్స్‌బర్గులు హంగరీలో తమకు మిగిలిన ముక్క కోసం టర్కీ సుల్తానుకు ఏటా 30,000 బంగారు నాణేలు చెల్లిస్తూ వచ్చారు. చూడటానికి బహుమతి, నిజానికి కప్పం. 1593లో యుద్ధం మొదలైనప్పుడు ఆ చెల్లింపు ఆగింది గానీ, దానికి ఎన్నో రెట్లు ఖర్చు నెత్తి మీద పడింది. చక్రవర్తికి స్వంతంగా ఎక్కడ పడితే అక్కడ పన్ను వేసే అధికారం లేదు. రేగెన్స్‌బర్గ్‌లో జర్మన్ రాజులూ, బిషప్పులూ, నగరాల ప్రతినిధులూ కూర్చునే సభను పిలిచి, టర్కీ పన్ను మంజూరు చేయమని అడగాలి. 1594లోనూ, 1598లోనూ, 1603లోనూ ఆ సభ డబ్బు ఇచ్చింది. వీటిలో రుడాల్ఫ్ స్వయంగా వెళ్లింది 1594 సభకు మాత్రమే. డబ్బు అడగవలసిన మనిషి ఇంట్లో కూర్చుని, తమ్ముణ్ణి పంపించి అడిగిస్తే ఏమవుతుంది? ఇచ్చేవాళ్లతో తమ్ముడికి పరిచయాలు పెరుగుతాయి. మథియాస్ బలం అక్కడ మొదలైంది. రసవాదానికి ఎంత తగలేశాడన్నది చిన్న పద్దు.

నిడదవోలు_కుర్రాడు

యుద్ధం గెలిచారా, ఓడారా? అది చెప్పకుండా అందరూ దాటేస్తున్నారు.

లెక్కల_రామం

రెండూ కాదు. 1594లో గ్యోర్ కోట పోయింది, 1598 మార్చిలో అడాల్ఫ్ ష్వార్జెన్‌బర్గ్ దానిని రాత్రికి రాత్రి తిరిగి పట్టాడు. 1596లో ఏగర్ పోయింది, ఆ వెంటనే మెజోకెరెస్తెస్ దగ్గర గెలుపు అంచుదాకా వచ్చిన సైన్యం శత్రువుల గుడారాలను దోచుకోవడంలో పడి చిత్తుగా ఓడింది. పదమూడేళ్లు కోటలు చేతులు మారాయి తప్ప సరిహద్దు పెద్దగా కదలలేదు. 1606 నవంబరులో జిట్వా నది కలిసే చోట సంధి కుదిరింది. ఒకేసారి 2,00,000 ఫ్లోరిన్లు చెల్లించేటట్టూ, ఏటా కప్పం ఇక లేనట్టూ ఒప్పుకున్నారు. సుల్తాను తొలిసారిగా వియన్నా, ప్రాగ్ వైపు ఉన్న చక్రవర్తిని తనతో సమానుడిగా గుర్తించాడు.

గోదారి_గట్టు

చూశారా! కప్పం కట్టే స్థాయి నుంచి సమానుడి స్థాయికి రావడం చిన్న విషయమా? ఈ ఘనత ఏ వీడియోలోనూ చెప్పరు.

పాత_పటాలు

గోదారి_గట్టు గారూ, ఆ ఘనతను రుడాల్ఫ్ ఖాతాలో వేయడం కుదరదు. సంధి మాటలు నడిపించినవాడు మథియాస్. రుడాల్ఫ్ దానికి ఆమోదముద్ర వేయకుండా సాగదీశాడు, మళ్లీ యుద్ధం చేయాలనే ఆలోచనలోనే ఉన్నాడు. అలసిపోయిన ఆస్ట్రియా, హంగరీ ప్రభువులు మథియాస్ వెంట నడవడానికి అది ఒక ముఖ్య కారణం. సంధిని కాపాడతానన్న వాగ్దానంతోనే తమ్ముడు 1608లో ప్రాగ్ మీదికి సైన్యంతో బయలుదేరాడు.

తారాపథం

నేను పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. కెప్లర్ సూత్రాలు బోధించే ప్రతి ఏటా రుడాల్ఫ్ పేరు తలచుకుంటాను కాబట్టి ఒక సంగతి వివరంగా రాయాలనిపించింది. 1599లో ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ డెన్మార్క్ రాజుతో చెడి ప్రాగ్ చేరాడు. రుడాల్ఫ్ ఆయనకు ఏడాదికి 3,000 ఫ్లోరిన్ల జీతం, ప్రాగ్‌కు ఈశాన్యాన బెనాట్కీ కోటలో వేధశాలకు వసతి ఇచ్చాడు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో కెప్లర్ ఆ కోటకే వచ్చాడు. ఆయన అంతవరకు ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో గణితం చెప్పుకునే లూథరన్. ఆ ప్రాంతం పాలకుడు ఫెర్డినాండ్, రుడాల్ఫ్‌కు పినతండ్రి కొడుకు, మతం మారని ప్రొటెస్టెంట్లను 1600లో నగరం నుంచి వెళ్లగొట్టాడు. ఒకే వంశంలో ఒకడు తరిమిన మనిషిని మరొకడు కొలువులో పెట్టుకున్నాడు. 1601 అక్టోబరు 24న టైకో మరణించిన వెంటనే, ఆయన పదవిని రుడాల్ఫ్ కెప్లర్‌కే ఇచ్చాడు. మతం మార్చుకొమ్మని షరతు పెట్టలేదు.

జీతం మాత్రం 500 ఫ్లోరిన్లు, అదీ సరిగా అందేది కాదు. అంగారకుడి కక్ష్య వృత్తం కాదు, దీర్ఘవృత్తమని నిరూపించిన గ్రంథం ఎప్పుడో సిద్ధమైనా, డబ్బులేమి వల్లా, టైకో వారసులతో వచ్చిన తగవు వల్లా 1609దాకా అచ్చుకు నోచుకోలేదు. దాని అంకిత వాక్యాలలో కెప్లర్ చమత్కారం చూడండి. అంగారకుణ్ణి బందీగా పట్టి తెచ్చాననీ, ఇక అతని బంధువులైన గురుడు, శని మొదలైనవాళ్ల మీద దండయాత్ర మిగిలి ఉన్నదనీ, అందుకు సైన్యం ఖర్చు మంజూరు చేయాలనీ చక్రవర్తికి విన్నవించుకున్నాడు.

కొబ్బరిమట్ట

ఇంక్రిమెంటు అడగడానికి ఇంతకంటె మర్యాదైన ఉత్తరం నేను చదవలేదు.

నిడదవోలు_కుర్రాడు

తారాపథం గారు చెప్పినదాన్ని బట్టి రుడాల్ఫ్ మత సహనం ఉన్న పాలకుడని అనుకోవచ్చు కదా?

పాత_పటాలు

అనుకోకూడదు. కొలువులో నలుగురు ప్రొటెస్టెంట్ పండితులు ఉండటం వేరు, రాజ్యంలో ప్రొటెస్టెంట్లను ఎలా చూశాడన్నది వేరు. 1604 జనవరిలో హంగరీలోని కాషా నగరంలో, ఇప్పుడు స్లొవేకియాలో ఉన్న కొషిట్సే అదే, లూథరన్ల చేతిలో ఉన్న ప్రధాన చర్చిని సైనికుల చేత పట్టించి కాథలిక్కులకు అప్పగించారు. ఆ అన్యాయం గురించి హంగరీ ప్రభువులు తమ సభలో గగ్గోలు పెట్టారు. సభ ఆమోదించిన తీర్మానాలు 21. రుడాల్ఫ్ వాటిని ఆమోదించి పంపేటప్పుడు, సభ ఎన్నడూ చర్చించని 22వ అధికరణాన్ని తానే చివరన చేర్చాడు. మతానికి సంబంధించిన ఫిర్యాదులను ఇకమీదట సభలో ఎత్తకూడదన్నది దాని సారాంశం. ఆ ఏడాది తిరగకముందే ఇస్త్వాన్ బోచ్‌కాయ్ అనే హంగరీ ప్రభువు నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. టర్కీతో పోరాడుతున్న రాజు మీద ఆయన ప్రజలే టర్కీ సాయంతో తిరగబడ్డారు. 1606 జూన్‌లో వియన్నా ఒప్పందంతో హంగరీలో మత స్వేచ్ఛ ఇచ్చి కాళ్లబేరానికి రావలసి వచ్చింది.

ఇల్లేష్‌హాజీ అనే సంపన్న లూథరన్ ప్రభువు సంగతి ఇంకా ఘోరం. రాజద్రోహం నేరం మోపి, ఆస్తులు జప్తు చేస్తే ఆయన పోలండ్ పారిపోయాడు. 1608లో మథియాస్ హంగరీ రాజైనప్పుడు అదే ఇల్లేష్‌హాజీ ఆ దేశంలో రాజు తర్వాత అంతటి పదవికి ఎన్నికయ్యాడు. శత్రువులను తయారుచేసి తమ్ముడికి అందించడంలో రుడాల్ఫ్‌ను మించినవాడు లేడు.

శిలాశాసనం

పాత_పటాలు గారి జాబితాకు డోనావర్త్ కూడా కలపాలి. దక్షిణ జర్మనీలోని ఈ చిన్న నగరంలో 1606లో కాథలిక్కుల ఊరేగింపును ప్రొటెస్టెంట్లు అడ్డుకుని కొట్టారు. రుడాల్ఫ్ కొలువు ఆ నగరాన్ని సామ్రాజ్య రక్షణ నుంచి వెలివేసింది, 1607 చివర బవేరియా ప్రభువు మాక్సిమిలియన్ సైన్యంతో వెళ్లి దానిని ఆక్రమించి తనలో కలుపుకున్నాడు. మరుసటి ఏడాది రేగెన్స్‌బర్గ్ సభ నుంచి ప్రొటెస్టెంట్లు లేచిపోయారు, ఆ మే నెలలోనే తమ సైనిక కూటమిని ఏర్పరచుకున్నారు. 1609లో కాథలిక్కులు తమ కూటమి పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ల యుద్ధానికి రెండు పక్షాలూ తయారైంది రుడాల్ఫ్ హయాంలోనే.

మర్రిచెట్టు_నీడ

యూదుల విషయంలోనూ ఇదే రెండు నాల్కల ధోరణి. ప్రాగ్ యూదు వర్తకుడు మొర్దెకై మైజెల్ టర్కీ యుద్ధానికి అప్పులిచ్చాడు. ఆయన ఆస్తిని ఇష్టమైనవారికి రాసుకోవచ్చునని చక్రవర్తి రాతపూర్వకంగా హక్కు ఇచ్చాడు. 1601లో ఆయన పోగానే కొలువు మనుషులు ఆ ఆస్తిని జప్తు చేసి వారసులను రోడ్డున పడేశారు. లెక్కల_రామం గారు దీనిని ఏ పద్దులో రాస్తారో తెలియదు.

లెక్కల_రామం

అప్పు తీర్చే ఉద్దేశం లేనివాడు రాసే పద్దులో.

గోదారి_గట్టు

ఇవన్నీ నేను కాదనను. అయితే మీరు చెప్పిన ఉదాహరణలు చాలావరకు 1600 తర్వాతివి. మొదటి ఇరవై ఏళ్లు చూడండి. ఆయన పదకొండో ఏట స్పెయిన్ వెళ్లి, మేనమామ రెండవ ఫిలిప్ కొలువులో 1571 దాకా పెరిగాడు. తల్లి మరియా ఐదవ చార్లెస్ కూతురు, పట్టుదల గల కాథలిక్. అలాంటి పెంపకం తర్వాత కరుడుగట్టిన కాథలిక్ అవుతాడని స్పెయిన్ ఆశించింది. ఆయన మాత్రం పోప్ చెప్పినట్టు వినలేదు, స్పెయిన్ చెప్పినట్టు వినలేదు, ప్రొటెస్టెంట్ల మాట అంతకంటె వినలేదు. 1583లో కొలువును వియన్నా నుంచి ప్రాగ్‌కు మార్చడం కూడా ఆలోచన లేకుండా చేసినది కాదు. వియన్నా టర్కీ సరిహద్దుకు మరీ దగ్గర, ప్రాగ్ జర్మన్ సంస్థానాలకు దగ్గర, ప్రాగ్ రాజధానిగా ఉన్న బొహీమియా ప్రభువులు డబ్బున్నవాళ్లు. ఎవరికీ ఖచ్చితమైన జవాబు ఇవ్వకుండా అందరినీ ఎదురుచూసేటట్టు చేయడమే ఆయన రాజనీతి. అది ఇరవై ఏళ్లు పనిచేసింది.

వైద్యుడు_విశ్రాంతిలో

మానసిక వైద్యం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నాలుగు శతాబ్దాల కిందటి రోగికి రాయబారుల ఉత్తరాలు చదివి జబ్బు పేరు పెట్టడం వృత్తి ధర్మం కాదు. ఇక్కడ ఎవరైనా ఆ పని మొదలుపెడతారేమోనని ముందే అంటున్నాను. వంశంలో ఏమున్నదో చెప్పుకోవచ్చు. రుడాల్ఫ్ తల్లిదండ్రులు అన్నదమ్ముల బిడ్డలు. మతిస్థిమితం లేదని దశాబ్దాలు నిర్బంధంలో ఉంచిన కాస్టిల్ రాణి హువానా ఇరువైపుల నుంచీ ఆయనకు ముత్తవ్వ. పెళ్లాడని ప్రియురాలు కాతరీనా స్ట్రాడా వల్ల రుడాల్ఫ్‌కు పుట్టిన కొడుకు డాన్ జూలియస్ 1608లో చెస్కీ క్రుమ్లోవ్ కోటలో మార్కెటా అనే క్షురకుడి కూతురిని అతి క్రూరంగా చంపాడు, మరుసటి ఏడాది ఆ కోటలోనే బందీగా చనిపోయాడు. తండ్రి అతణ్ణి శిక్ష నుంచి తప్పించలేదన్నది గమనించదగ్గ సంగతి.

నాకు జబ్బు కంటె ముఖ్యంగా కనిపిస్తున్నది, ఆ గది తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారన్నది. మంత్రులను దూరం పెట్టాక చక్రవర్తిని చూడాలంటే అంతఃపుర సేవకుడు ఫిలిప్ లాంగ్ దయ కావలసి వచ్చింది. రాయబారులు, సేనాపతులు, చిత్రకారులు అందరూ లంచం ఇచ్చి లోపలికి వెళ్లారు. 1608లో లాంగ్‌ను పట్టుకున్నారు, జైల్లోనే చచ్చాడు. మనిషి దిగులుతో తలుపు వేసుకోవచ్చు, తలుపు బయట బేరం మొదలైతే అది రాజ్య వ్యవహారం.

కొబ్బరిమట్ట

లోపలికి పోవాలంటే బయట బల్ల దగ్గర కూర్చున్నాయన చేయి తడపాలన్నమాట. అర్థమైంది.

సీతమ్మ_వాకిలి

పెళ్లి సంగతి ఎవరూ ఎత్తలేదేం? స్పెయిన్ రాకుమారి ఇసబెల్లాతో సంబంధం మాట్లాడి, దాదాపు రెండు దశాబ్దాలు ఔననకుండా, కాదనకుండా నానబెట్టాడు. ఆ అమ్మాయి వేచి వేచి 1599లో రుడాల్ఫ్ సొంత తమ్ముడు ఆల్బ్రెక్ట్‌ను చేసుకున్నది. ఈయనకు కోపం వచ్చిందట. మన ఇళ్లలో ఇలాంటి పెళ్లికొడుకును ఏమంటారో రాస్తే అడ్మిన్ తొలగిస్తారు.

శిలాశాసనం

సీతమ్మ_వాకిలి గారు నవ్వుతూ అన్నా, ఈ చర్చలో అసలు కీలకం అదే. పెళ్లి లేదు కాబట్టి చట్టబద్ధమైన వారసుడు లేడు. చక్రవర్తి పదవి వారసత్వంగా వచ్చేది కాదు, ఏడుగురు ఎలెక్టర్లు ఎన్నుకునేది. అందుకే హాబ్స్‌బర్గులు తండ్రి బతికి ఉండగానే కొడుకును రోమన్ల రాజుగా, అంటే కాబోయే చక్రవర్తిగా, ఎన్నిక చేయించేవారు. రుడాల్ఫ్ 1575లో తాను అలా ఎన్నికైనవాడే. తన తర్వాత ఎవరన్నది మాత్రం ఎంతమంది అడిగినా తేల్చలేదు. ఎన్నిక జరగకుండా ఆయన పోతే సింహాసనం మరో వంశానికి, అందులోనూ ప్రొటెస్టెంట్ పక్షానికి పోవచ్చునన్న భయం తమ్ముళ్లను 1606 కాగితం దాకా నడిపించింది. రుడాల్ఫ్ వైపు నుంచి చూస్తే, వారసుడి పేరు చెప్పిన మరుక్షణం కొలువు మొత్తం ఆ వారసుడి ఇంటికి తరలిపోతుంది. రెండు భయాలూ నిజమైనవే.

ప్రాగ్_నుంచి_ప్రసాద్

గైడ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి రెండు మాటలు. కోటలోని బంగారు సందులో రసవాదులు ఉండేవారన్నది కట్టుకథ. రుడాల్ఫ్ కోట గోడకు ఆనుకుని ఇళ్లు కట్టుకోమని అనుమతించింది కోట కాపలా తుపాకీ సైనికులకు. మట్టి మనిషి గోలెం కథకు ఆ కాలంలో ఆధారమే లేదు, 19వ శతాబ్దంలో ప్రచారంలోకి వచ్చింది. ఆ కథలో గోలెంను చేశాడని చెప్పే యూదు మతగురువు రబ్బీ లోవ్‌ను రుడాల్ఫ్ 1592లో పిలిపించి మాట్లాడటం మాత్రం నిజం. ఇంగ్లండు నుంచి వచ్చిన గణితవేత్త, రసవాది జాన్ డీ 1584లో చక్రవర్తిని కలిసినదీ నిజమే, 1586లో వెళ్లగొట్టించుకున్నదీ నిజమే. ఆయన జతగాడు కెల్లీ బంగారం చేస్తానని నమ్మించి, తర్వాత కోటలో ఖైదీ అయ్యాడు. రసవాదులను చక్రవర్తి గుడ్డిగా నమ్మాడనేవాళ్లు కెల్లీని అడగాలి.

తారాపథం

ఆ రోజుల్లో రసవాదం, వైద్యం, గనుల పని, లోహశాస్త్రం వేరువేరు గదులు కావు. టైకో బ్రాహీకి కూడా సొంత రసవాద శాల ఉండేది. రుడాల్ఫ్‌ను నవ్వేవాళ్లు టైకోను ఎందుకు వదిలేస్తారో తెలియదు.

కలంకారీ

వియన్నా ఖజానా మ్యూజియంలో రుడాల్ఫ్ కిరీటం ముందు చాలాసేపు నిలబడ్డాను. దాని గురించి రాయకుండా ఉండలేను. సామ్రాజ్యపు అసలు కిరీటం నూరెంబర్గ్ నగరం అధీనంలో ఉండేది, పట్టాభిషేకానికి తప్ప బయటికి రాదు. అందుకని రుడాల్ఫ్ తన కోసం వేరుగా 1602లో యాన్ వెర్మెయెన్ అనే స్వర్ణకారుడి చేత ప్రాగ్‌లోనే చేయించుకున్నాడు. కింద వజ్రాలు, ముత్యాలు పొదిగిన వలయం, పైన బిషప్పుల టోపీని పోలిన రెండు బంగారు రెక్కలు, వాటి మధ్య ముందు నుంచి వెనక్కి సాగే కమాను, కొన మీద నీలమణి. ఆ రెండు రెక్కల మీద నాలుగు దృశ్యాలు చెక్కి ఉన్నాయి. రేగెన్స్‌బర్గ్‌లో పట్టాభిషేకం, ప్రెస్‌బర్గ్‌లో హంగరీ రాజుగా, ప్రాగ్‌లో బొహీమియా రాజుగా, నాలుగోది టర్కీ మీద విజయం. గుర్రాల జూలు, సైనికుల చేతివేళ్లు కూడా లెక్కపెట్టగలిగేంత సూక్ష్మంగా ఉన్నది పని. 1608లో హంగరీ పోయింది, 1611లో బొహీమియా పోయింది, టర్కీ మీద విజయం అసలు రానేలేదు. నాలుగింటిలో మిగిలింది ఒక్కటే. పనితనం మాత్రం చెక్కుచెదరలేదు, 1804లో ఆస్ట్రియా సామ్రాజ్యం కొత్తగా ఏర్పడినప్పుడు దానినే అధికార కిరీటం చేసుకున్నారు.

ఆయన సేకరణను పిచ్చివాడి గుట్ట అనేవాళ్లకు ఇంకొక మాట. డానియెల్ ఫ్రోష్ల్ 1607 నుంచి 1611 వరకు రాసిన జాబితా ఉన్నది. ప్రకృతి సిద్ధమైనవి, మనుషులు చేసినవి, శాస్త్ర పరికరాలు అన్నట్టు వర్గీకరించి నమోదు చేశాడు. ప్రాగ్ చిత్రకారుల సంఘానికి రుడాల్ఫ్ 1595లో పత్రం రాసిచ్చి, చిత్రలేఖనాన్ని మామూలు చేతివృత్తుల జాబితాలోంచి తీసి కళగా గుర్తించాడు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ గీసిన గులాబీ మాలల పండుగ చిత్రాన్ని వెనిస్‌లో కొని, బండిలో వేస్తే కుదుపులకు పాడవుతుందని, తివాచీలలో చుట్టి కర్రలకు వేలాడదీసి బలమైన మనుషుల చేత ఆల్ప్స్ కొండలు దాటించాడని చెబుతారు.

నిడదవోలు_కుర్రాడు

ఆర్చింబోల్డో పండ్లూ కూరగాయలతో ముఖం వేసిన బొమ్మ ఈయనదేనా? మా అబ్బాయి పాఠ్యపుస్తకంలో చూసి తెగ నవ్వాడు.

కలంకారీ

ఈయనదే. రుడాల్ఫ్‌ను ఋతువుల దేవుడు వెర్తుమ్నుస్‌గా చూపిస్తూ 1590-91లో మిలాన్‌లో గీసి ప్రాగ్‌కు పంపాడు. నాలుగు ఋతువుల పంటా ఒకే ముఖంలో ఉండటం, ఆయన పాలనలో కాలమంతా పండుగే అన్న పొగడ్త. చక్రవర్తికి అది తెగ నచ్చింది. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్ కోటను దోచినప్పుడు ఎత్తుకుపోయారు, ఇప్పుడు ఆ దేశంలోని స్కోక్‌లోస్టర్ కోటలో ఉన్నది.

కొబ్బరిమట్ట

ముక్కు స్థానంలో బేరిపండు పెట్టినా కోపం రాని పాలకుడు. ఈ కాలంలో కార్టూను వేస్తే కేసు పెడతారు.

మర్రిచెట్టు_నీడ

కళల గురించి కలంకారీ గారు ఎంత చెప్పినా, 1609 గురించి ఎవరూ వివరంగా రాయలేదు. నేను న్యాయవాదిని కాబట్టి ఆ కాగితం మీద ఆసక్తి ఎక్కువ. 1608 జూన్‌లో లిబెన్ ఒప్పందంతో రుడాల్ఫ్ ఆస్ట్రియా, హంగరీ, మొరావియాలను మథియాస్‌కు వదిలేశాడు. బొహీమియా ప్రభువులు మాత్రం ఆయన వైపే నిలిచారు. నిలిచినందుకు ధర అడిగారు. నెలల తరబడి బేరం సాగింది, బుదోవెట్స్ నాయకత్వంలో ప్రొటెస్టెంట్ ప్రభువులు సైన్యాన్ని సమీకరించడం మొదలుపెట్టారు. 1609 జూలై 9న రుడాల్ఫ్ మత స్వేచ్ఛా పత్రం మీద సంతకం చేశాడు. ప్రభువులకూ, నగరాలకూ మాత్రమే కాదు, పల్లెల్లోని మామూలు రైతులకు కూడా నచ్చిన మతంలో ఉండే హక్కు ఇచ్చిందది. ఆనాటి యూరప్‌లో అంత విశాలమైన పత్రాలు అరుదు. కాథలిక్ అయిన చాన్సలర్ లొబ్‌కొవిట్స్ దాని మీద సంతకం చేయనని భీష్మించాడు, ఆయన సంతకం లేకుండానే జారీ అయింది.

అదే ఏడాది మార్చిలో మథియాస్ కూడా ఆస్ట్రియా ప్రొటెస్టెంట్ ప్రభువులకు ఇలాంటి రాయితీలే ఇచ్చాడు. అన్నదమ్ములిద్దరూ కాథలిక్కులే, ఇద్దరికీ ఇవ్వడం ఇష్టం లేదు. వేలంపాటలో ఒకరికంటె ఒకరు ఎక్కువ పాడినట్టు ఇచ్చుకుంటూ పోయారు.

పాత_పటాలు

మర్రిచెట్టు_నీడ గారి మాటలకు చిన్న చేర్పు. ఆ పత్రంలో రాజు సొంత భూముల్లో చర్చి కట్టుకునే హక్కు ఉన్నది, మఠాల భూములు రాజు సొంత భూముల కిందికి వస్తాయా రావా అన్నది మాత్రం తేలలేదు. బ్రౌమోవ్, హ్రోబ్ అనే రెండు చోట్ల ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చిలపై తగాదా ముదిరింది. 1618 మే 23న ప్రాగ్ కోట కిటికీలోంచి ఇద్దరు రాజప్రతినిధులనూ, ఒక గుమాస్తానూ కిందికి తోసింది ఆ తగాదాలోనే, ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది దానితోనే. అప్పటికి రుడాల్ఫ్ పోయి ఆరేళ్లు.

గోదారి_గట్టు

అంటే ఆయన ఇచ్చిన హక్కు తప్పు కాదు, తర్వాతివాళ్లు దానిని పాటించకపోవడం తప్పు.

పాత_పటాలు

ఇచ్చినవాడు కూడా మనస్ఫూర్తిగా ఇవ్వలేదు గారూ. ఏడాదిన్నర గడవకముందే దానిని రద్దు చేయించుకోవడానికి దారి వెతికాడు. పాసౌ సైన్యం వ్యవహారం చూడండి. రుడాల్ఫ్‌కు పినతండ్రి కొడుకు, పాసౌ బిషప్పు లియోపోల్డ్, వేలాది మంది సైనికులను పోగు చేశాడు. వాళ్లకు జీతాలు లేవు. 1611 ఫిబ్రవరి 15న ఆ సైన్యం ప్రాగ్‌లో నదికి ఈవలి భాగమైన మాలా స్త్రానాలోకి చొరబడి దోచుకున్నది. నదికి ఆవల పాత, కొత్త నగరాల్లో కోపోద్రిక్తులైన జనం కాథలిక్ మఠాల మీద పడ్డారు, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 14 మందిని ఒక మఠంలో చంపేశారు. చక్రవర్తే ఈ సైన్యాన్ని రప్పించాడని బొహీమియా ప్రభువులు నమ్మారు. అంతవరకు ఆయనను వదలని వాళ్లు కూడా మథియాస్‌ను పిలిచారు. మే 23న మథియాస్‌కు బొహీమియా కిరీటం పెట్టారు. కాబట్టి రుడాల్ఫ్‌ను చివరికి ముంచింది తమ్ముడి కాగితం కాదు, ఈ జీతాల్లేని సైన్యం.

శిలాశాసనం

ఇందులో రుడాల్ఫ్ ఎంత, లియోపోల్డ్ ఎంత అన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా విడిపోని చిక్కు. మథియాస్‌ను తప్పించి బొహీమియా తనకు దక్కించుకోవాలన్న ఆశ లియోపోల్డ్‌కు ఉన్నది. రుడాల్ఫ్ ఆ ఆశను పెంచాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని వాడుకున్నా, సైనికులు వాడుకున్నది ప్రాగ్ ప్రజలను.

సీతమ్మ_వాకిలి

ఇంతకీ ఆ బిషప్పు లియోపోల్డ్‌కు శిక్ష పడిందా?

పాత_పటాలు

పడలేదు. కొన్నేళ్లకు టిరోల్ ప్రాంతం పాలన ఆయనకే అప్పగించారు. 1626లో మతపదవులు వదిలేసి క్లాడియా దె మెదిచీని పెళ్లాడాడు, ఇన్స్‌బ్రుక్‌లో వాళ్ల వంశం 1665 దాకా పాలించింది.

సీతమ్మ_వాకిలి

బిషప్పుకు పెళ్లయింది, చక్రవర్తికి కాలేదు. ఆ ఇంట్లో సంబంధాలు చూసినవాళ్లెవరో గానీ వాళ్ల మీద వేరే చర్చ మొదలుపెట్టాలి.